పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమేల?
పంట కాపలాకు ఎంత తుపాకి చాలు

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయకూడదని పెద్దలు చెప్పారు. తుపాకి పట్టేవాడికి ఈ మాట మరీ వర్తిస్తుంది. ఎదుట ఉన్నది కుందేలా, పందా, పక్క చేను రైతా అన్నది చూసుకోకుండా పెద్ద తుపాకి ఉంటే చాలనుకునేవాడు చివరకు నష్టపోయేది తనే.

పలమనేరు నుంచి కుప్పం వైపు పల్లెల్లో వానాకాలం వచ్చిందంటే వేరుశనగ రైతుకు కంటి మీద కునుకు ఉండదు. మొలక మీద ఉన్నప్పుడు కుందేళ్లు కొరుకుతాయి. కాయ ఊరే వేళకు అడవిపందులు దిగి సాళ్లకు సాళ్లే పెళ్లగిస్తాయి. పగటిపూట నెమళ్ల బెడద ఉండనే ఉంది. ఒక్క రాత్రి మంచె దిగి ఇంట్లో పడుకుంటే తెల్లారేసరికి అరెకరం చేను దున్నినట్టు అయిపోతుందని రైతులు వాపోతారు.

అటువంటి ఒక పల్లెలో డెబ్భై రెండేళ్ల రైతు ఒకాయన ఉన్నాడు. మూడెకరాల మెట్ట, ఒక బోరుబావి, తండ్రి నాటి నుంచి వస్తున్న ఒక నాటు తుపాకి ఆయన ఆస్తి. తుపాకికి పంట కాపలా లైసెన్సు ఉంది. చూపు తగ్గింది, చెయ్యి వణుకుతున్నది. లైసెన్సును కొడుకు పేరిట మార్పించాలని ఆయన కోరిక. 2016 నాటి ఆయుధాల నియమావళి ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకి చేతికి వచ్చి 25 ఏళ్లు గడిచినా, వారసుడి పేరిట లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పేచీ వచ్చింది కొడుకుతోనే.

"నాయనా, ఈ గొట్టం నాకెందుకు? మందు పొయ్యాల, దట్టించాల, రవ్వలు పొయ్యాల, మళ్లా దట్టించాల. అంతలోకి పంది చేను దాటిపోతాది. ఎట్లా కాగితాలు మారస్తా ఉండాం గదా, పన్నెండు బోరుకో, రివాల్వరుకో అడుగుదాం" అన్నాడు కొడుకు.

"అబ్బయ్యా, నువ్వు కాపలా కాసేది చేనుకా, కోటకా?" అన్నాడు తండ్రి.

ఇద్దరి మాటల్లోనూ పస ఉంది. అది తెలియాలంటే తుపాకి లెక్కలు కొంచెం తెలుసుకోవాలి.

బోరు అంటే ఏమిటి

పన్నెండు బోరు అంటే పన్నెండు గుండ్లు పేలేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఒక పౌను సీసాన్ని సమానంగా పన్నెండు గుండ్లు చేస్తే, అందులో ఒక్క గుండు సరిగ్గా పట్టే గొట్టాన్ని పన్నెండు బోరు అంటారు. దాని వెడల్పు ముప్పాతిక అంగుళానికి కాస్త తక్కువ. అందువల్ల బోరు అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నమవుతుంది. ఇరవై బోరు పన్నెండు బోరు కన్నా చిన్నది.

రివాల్వర్లు, రైఫిళ్ల లెక్క వేరు. పాయింట్ ఇరవై రెండు అంటే అంగుళాన్ని నూరు భాగాలు చేస్తే అందులో ఇంచుమించు 22 భాగాల వెడల్పు గల గుండు. పాయింట్ ముప్పై రెండు అంటే 32 భాగాలని పిలుపు. ఇక్కడ అంకె పెరిగితే గుండు లావవుతుంది.

లావును బట్టి మాత్రమే బలం చెప్పలేం. గుండు బరువు, వేగం రెండూ కలిస్తేనే దెబ్బ. దీనిని అడుగు-పౌన్లలో కొలుస్తారు. ఒక పౌను బరువును ఒక అడుగు ఎత్తడానికి పట్టే శక్తి ఒక అడుగు-పౌను. 1887లో వచ్చిన పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటాలో సాధారణంగా ఉండేది 40 గ్రెయిన్ల గుండు, అంటే రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. పిస్తోలులోంచి పేలిస్తే దాని బలం సుమారు 100 అడుగు-పౌన్లు. 1896లో వచ్చిన పాయింట్ 32 లాంగ్ కూడా ఆ దరిదాపుల్లోనే, కొంచెం పైన ఉంటుంది. పోలీసుల చేతుల్లో పేరుపడిన పాయింట్ 38 స్పెషల్ సుమారు 200. 1935లో అమెరికాలో వచ్చిన పాయింట్ 357 మాగ్నమ్ 500 దాటుతుంది.

అక్కడ ఉడుతకు చిన్న గుండే

అమెరికా పల్లెల్లో కుందేలును, ఉడుతను పిస్తోలుతో వేటాడే అలవాటు ఇప్పటికీ ఉంది. చాలా రాష్ట్రాల్లో అందుకు లైసెన్సు, కాలపరిమితి, రోజుకు ఇన్ని అనే లెక్క ఉంటాయి. అక్కడి అనుభవజ్ఞులు ఇటువంటి వేటకు ఎంచుకునేవి పాయింట్ 22, పాయింట్ 32 లాంగ్ వంటి తక్కువ బలం గలవే. కారణం తేలిక. మాగ్నమ్ గుండు తగిలితే కుందేలులో కూరకు మిగిలేది ఏమీ ఉండదు. పైగా పెద్ద తూటా పేలితే చెయ్యి ఎగురుతుంది, చెవులు గింగురుమంటాయి, గురి తప్పుతుంది. చిన్న తూటా చవక. పది సార్లు అభ్యాసం చేసుకోవచ్చు. బలం తక్కువ కాబట్టి గురి సరిగ్గా ఉండాలి, లేదా కాల్చకుండా వదిలేయాలి. జంతువును గాయపరచి బాధపెట్టడం వేటగాడికి అప్రతిష్ఠ అని వాళ్లు భావిస్తారు.

అయితే చిన్న గుండు గదా అని ఏమరుపాటు పనికిరాదు. పాయింట్ 22 గుండు పైకి ఏటవాలుగా పోతే మైలు దాటి, మైలున్నర దాకా పోగలదు. వెనుక మట్టికట్టో గుట్టో ఉంటే తప్ప పేల్చరాదని అక్కడ మొదటి పాఠం.

మన దగ్గర కూడా పాయింట్ 32 రివాల్వర్లు కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో తయారవుతున్నాయి. 2014లో మహిళల కోసమని అరకిలో బరువుతో నిర్భీక్ అనే రివాల్వర్‌ను తెచ్చినదీ ఆ ఊరిలోనే. కానీ ఇవి ఆత్మరక్షణ కోసం అడిగే ఆయుధాలు. అమెరికా వాడు కుందేలు కోసం పట్టుకునే తూటానే మన దేశంలో షావుకారు ప్రాణరక్షణ కోసం పెట్టెలో దాచుకుంటాడన్నమాట.

పంటకు చట్టం చూపిన తుపాకి

పంట కాపలాకు ఏ తుపాకి అన్నది రైతు ఇష్టానికి పూర్తిగా వదలలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే ఆ మాట ఉంది. నిజమైన పంట రక్షణకు మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చు. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే నున్నటి గొట్టం గల మరో తుపాకికి ఇవ్వవచ్చు. పంట పేరు చెప్పి రివాల్వరు అడిగితే ఫైలు కదలడం కష్టమే.

తండ్రి ఈ చట్టం చదవలేదు. కానీ అందులోని తెలివి ఆయనకు అనుభవం మీద తెలుసు.

"రివాల్వరు గుండు ఒకటే పోతాది. తగిలితే తగిలె, లేకుంటే యాడికి పోతాదో దేవుడికే ఎరిక. మన చేను అవతల ఏముండాది? ఊరు గదరా" అన్నాడాయన.

రవ్వ తుపాకి సంగతి వేరు. పక్షులకు వాడే ఆరో నంబరు రవ్వ ఔన్సుకు 270 దాకా తూగుతుంది. ఒక్కో రవ్వ బరువు గ్రాములో పదో వంతు. తేలిక వస్తువు కనుక గాలి దాన్ని త్వరగా నిలదీస్తుంది. నలభై గజాలు దాటితే రవ్వలు చెదిరి బలం తగ్గుతుంది. ఎంత ఎత్తి పేల్చినా ఆ రవ్వ సుమారు రెండు వందల యాభై గజాల లోపలే నేల రాలుతుంది. మైలున్నర ఎక్కడ, పావు కిలోమీటరు ఎక్కడ? పల్లె పక్క చేలో రాత్రివేళ పేలేదానికి ఈ తేడాయే ప్రాణం.

పన్నెండు బోరు కూడా రవ్వ తుపాకే గదా అన్నది కొడుకు ప్రశ్న. నిజమే. అయితే దానిలో ఎల్‌జీ, ఎస్‌జీ అనే లావు గుండ్ల తూటాలు కూడా వాడవచ్చు. ఎస్‌జీ ఔన్సుకు ఎనిమిదే తూగుతాయి. అవి రవ్వల్లా త్వరగా ఆగవు. చీకట్లో కదిలిన పొద మీద వాటిని పేలిస్తే, పొద వెనుక ఉన్నది పందో మనిషో తేలేలోగా జరగవలసింది జరిగిపోతుంది.

చిన్న రవ్వతో పందిని కొట్టడం కూడా అంతకన్నా తెలివితక్కువ పని. తోలు గీసుకుని గాయపడుతుందే కాని చావదు. గాయపడిన పంది మనిషి మీదికి వస్తుంది. కుందేలుకు తగిన తుపాకి పందికి తగదు, పందికి తగినది ఊరి పక్క పేల్చతగదు.

కుందేలు కూర రోజులు పోయాయి

"మీ తాత ఇదే తుపాకితో కుందేలును కొట్టేవాడు. కూరలో రవ్వ పంటి కింద పడితే మేమంతా నవ్వేవాళ్లం" అని తండ్రి గుర్తు చేసుకుంటాడు. ఆ కాలం వేరు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు కూడా చిన్న జంతువుల వేటకు లైసెన్సు అనే పద్ధతి ఉండేది. 1991 సవరణతో ఆ లైసెన్సులు రద్దయ్యాయి. సరదా కోసం, కూర కోసం వేట ఏ రూపంలోనూ చెల్లదు.

2022 సవరణ తరువాత జాబితాలు మారినా కుందేలు, కౌజు, అడవిపంది రక్షణ పొందిన జంతువులే. నెమలి మొదటి షెడ్యూలులో ఉంది. మొదటి షెడ్యూలు జంతువును వేటాడితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు, 25 వేల రూపాయలకు తక్కువ కాని జరిమానా. తక్కిన వాటికి 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. శిక్ష పడితే తుపాకి లైసెన్సును రద్దుచేసి, మళ్లీ ఐదేళ్ల దాకా ఇవ్వకుండా కోర్టు ఆదేశించవచ్చు. ఒక్క కుందేలు కోసం తాత నాటి తుపాకి పోగొట్టుకోవడం ఎటువంటి బేరమో రైతులే ఆలోచించాలి.

మరి పంట పోతుంటే చూస్తూ ఊరుకోవాలా? ఊరుకోనక్కరలేదు. మనుషులకు, పంటకు ముప్పు తెచ్చిన జంతువును చంపేందుకు అటవీశాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే అవకాశం చట్టం 11వ సెక్షన్‌లో ఉంది. తెలంగాణలో 2021లో అడవిపందుల విషయంలో సర్పంచులకు ఈ అధికారం ఇచ్చారు. అనుమతి వచ్చినా చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తే, వండుకోవడానికి వీల్లేదు. మీద పడిన జంతువు నుంచి ప్రాణం కాపాడుకోవడానికి చంపవలసి వస్తే అది నేరం కాదు.

తీగ మాట

తండ్రి ఒప్పుకోకపోవడంతో కొడుకు చివరకు అసలు మాట బయటపెట్టాడు. "అయితే తుపాకీ వద్దు, గొడవా వద్దు. స్టార్టరు డబ్బాలోంచి ఒక తీగ లాగి చేను చుట్టూ కడదాం. అందరూ చేసేదే గదా."

ముసలాయన కాసేపు మాట్లాడలేదట. తరువాత, "పందికి కట్టిన తీగకు పంది తెలవదు, మనిషీ తెలవదు. రాత్రి కరెంటు వస్తే మోటరు వేసేదానికి నువ్వే గదరా ఆ గట్టు మీద పోయేది?" అన్నాడు.

ఆ మాట ఊరికే అన్నది కాదు. అడవిపందుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి రైతులు, పశువుల కాపరులు, పెట్టినవాడి ఇంటివాళ్లే చనిపోయిన సంగతులు అటు రాయలసీమలోనూ, ఇటు తెలంగాణలోనూ మాటిమాటికీ వినవస్తున్నాయి. కౌండిన్య అభయారణ్యం పక్కన ఉన్న ఈ పల్లెల్లో ఏనుగులు కూడా తిరుగుతాయి. ఏనుగు తీగకు చిక్కితే ఆ రైతు కుటుంబానికి కేసు తప్పదు. నాటు బాంబులు పెట్టిన చోట మేతకు పోయిన ఆవుల దవడలు పగులుతున్నాయి. గుండుకు గురి పెట్టే మనిషి ఉంటాడు, వద్దనుకుంటే వేలు తీసేస్తాడు. తీగకు ఆ విచక్షణ లేదు.

సోలారు కంచె వేరు. అది ఉండి ఉండి ఒక్క క్షణం షాకు కొట్టి వదులుతుంది. సక్రమంగా అమర్చితే ప్రాణం తీయదు. మెయిను లైను నుంచి నేరుగా లాగిన తీగను దానితో పోల్చడం కూడదు.

చప్పుడే చాలు

ఇంతకూ ఆ నాటు తుపాకితో ముసలాయన చేసేది ఏమిటి? ఆయన రవ్వలు పోయడం మానేసి చాలా ఏళ్లయింది. కొంచెం మందు, పైన కాగితపు ఉండ, అంతే. మంచె మీద నుంచి ఆకాశం వైపు ఒక్కటి పేలుస్తాడు. ఆ మోతకు పందులు గుట్ట ఎక్కుతాయి. రోజూ ఒకే చోట, ఒకే వేళ పేలిస్తే వాటికి అలవాటవుతుంది కనుక ఒక రాత్రి తూర్పు గట్టున, మరో రాత్రి బావి దగ్గర పేలుస్తాడు. మధ్యలో రేకు డబ్బా మోత, టార్చిలైటు ఉండనే ఉన్నాయి.

రవ్వ లేదు గదా అని మనిషి వైపు పేల్చరాదు. దగ్గర నుంచి కాగితపు ఉండ, నిప్పు కూడా కన్ను తీయగలవు. కొలతకు మించి మందు పోస్తే పాత గొట్టం చీలి పేల్చినవాడి చెయ్యే పోతుంది. ఇంట్లో ఎప్పుడూ మందు దట్టించి ఉంచకూడదు. నిప్పు రాజేసే టోపీని చేలోకి చేరి, పేల్చబోయే ముందే పెట్టాలి. తుపాకి ఒక చోట, మందు మరో చోట, రెండూ పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచాలి. పెళ్లి ఊరేగింపుల్లో సరదాకు పేల్చితే 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అదే సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. గడువు తేదీని మరిచిపోకుండా ముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవాలి. ఎన్నికల వేళ పోలీసులు అడిగితే స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవాలి.

లైసెన్సు లేకుండా దొంగచాటుగా చేయించుకున్న నాటు తుపాకుల మాట ఇక చెప్పనక్కరలేదు. అటువంటిది ఇంట్లో దొరికితే రెండు నుంచి ఐదేళ్ల దాకా జైలు. చేసి ఇచ్చినవాడికి కనీసం ఏడేళ్లు.

తుపాకి లేని రైతుకూ దారులున్నాయి. వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వరుసలు వేస్తే పందుల రాక తగ్గుతుందని హైదరాబాదు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. నలుగురు రైతులు వంతులు వేసుకుని కాపలా కాస్తే ఒక్కొక్కరికి మూడు రాత్రులు నిద్ర దక్కుతుంది. పంట నష్టపోయిన రైతు వెంటనే అటవీ, రెవెన్యూ సిబ్బందికి చూపించి పరిహారానికి అర్జీ పెట్టుకోవాలి. అయితే ఆ పరిహారం చేతికి వచ్చేసరికి మరో పంట కాలం గడిచిపోతున్నదని రైతుల గోడు. కాపలా కాసే రైతు తీగ వైపు మొగ్గకుండా ఉండాలంటే పరిహారం పంట కాలంలోనే అందాలి, సోలారు కంచెలకు సాయం సన్నకారు రైతుల దాకా రావాలి. సంబంధిత అధికారులు ఈ దిశగా ఆలోచించడం అవసరం.

కొడుకు చివరకు దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. ఆయుధం వివరాలు రాసే చోట పన్నెండు బోరు అని రాయలేదు, పాత నాటు తుపాకినే రాశాడు. ఆ సాయంత్రం తండ్రి అతణ్ణి మంచె ఎక్కించి, మందు ఎంత పోయాలో అరచేతిలో కొలిచి చూపించాడు. తొలి మోతకు గట్టు మీది కుందేలు ఒకటి ఎగిరి గుట్ట వైపు పరుగెత్తింది.

"పోనీలే, దాని బతుకు దానిది. చేను దాటిందా లేదా, అది చూడు" అన్నాడు ముసలాయన.